కొండ ఇటు, నీళ్లు అటు: బెంగళూరు గోల్ఫ్ మైదానాల్లో నాలుగు రోజులు

బంతికీ గుంతకీ మధ్య పన్నెండు అడుగులుంటాయి. గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డిని గ్రీన్ అంటారు. నా కంటికి ఆ గ్రీన్ ఎడమవైపు వాలినట్టు కనిపించింది. కాస్త కుడికి గురి పెట్టి కొట్టాలని నిలబడ్డాను. కర్రల సంచి మోసే కేడీ కుర్రవాడు నా వెనక గొంతుక్కూర్చుని ఒక్క క్షణం చూసి, "వద్దు సార్, నేరుగా కొట్టండి. ఎడమవైపు కొండ ఉంది. వాన పడితే నీళ్లు కుడికే పోతాయి, బంతీ అటే లాగుతుంది" అన్నాడు. తెలుగులో అన్నాడు. నేరుగా కొట్టాను. బంతి గీత గీసినట్టు వెళ్లి గుంతలో పడింది.

నేను ముప్పై ఏళ్లకు పైగా నీటిపారుదల శాఖలో పనిచేశాను. నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూరు గీతలు చదవడం, నీళ్లు ఎటు పారతాయో నేల చూసి చెప్పడం నా వృత్తి. బెంగళూరుకు ఉత్తరాన నంది కొండ కింద ఆ కుర్రవాడికి అదే విద్య పొలంగట్ల మీద వచ్చింది. ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయిన మాట అదే కాబట్టి మొదట రాశాను.

జులైలో మా బావమరిది నెల్లూరు నుంచి రాత్రి బస్సులో బెంగళూరు వచ్చాడు. ఇద్దరం ఒకప్పుడు విశాఖపట్నంలో ఉద్యోగాలు చేసేటప్పుడు ఈస్ట్ పాయింట్ మైదానంలో ఆట నేర్చుకున్నాం. రిటైరైన తర్వాత నేను బెంగళూరులో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి మైదానాలు చూపించమని అతను రెండేళ్లుగా అడుగుతున్నాడు. నాలుగు రోజులు అనుకున్నాం. రెండు రోజులు ఊళ్లో, రెండు రోజులు నంది కొండ కింద.

ఊళ్లో మొదట వెళ్లింది హైగ్రౌండ్స్‌లోని బెంగళూరు గోల్ఫ్ క్లబ్. 1876లో పెట్టిన క్లబ్ ఇది. అప్పటి కంటోన్మెంటు దొరలు ఆడుకున్న నేల మీదే ఈనాటికీ ఆడుతున్నారు. అరవై ఎకరాల చిన్న చోటులో 18 గుంతలు ఇమిడ్చారు. ఒక ఫెయిర్‌వేకీ (మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డి బాట) పక్కదానికీ మధ్య ఒక్కోచోట చెట్ల వరుస తప్ప మరేమీ లేదు. గట్టిగా కొట్టేవాడికంటే తిన్నగా కొట్టేవాడికి ఇక్కడ మేలు. మేము తొమ్మిది గుంతలు మాత్రమే ఆడాం. పెద్ద వానచెట్ల కింద నడక హాయిగా ఉంటుంది. నూట యాభై ఏళ్ల చెట్టు నీడలో ఆడే భాగ్యం ఎంతమందికి ఉంటుంది? కానీ తలెత్తితే చుట్టూ భవనాలే. ఆట చూడదలచినవారు వెళ్లాలి, కొండా నీళ్లూ చూడదలచినవారికి ఇది కాదు.

ఇక్కడ ఒక మాట. ఊళ్లోని ఈ పాత క్లబ్బులన్నీ సభ్యులవి. తెలిసిన సభ్యులు వెంట ఉంటే అతిథిగా ఆడవచ్చు. మా అల్లుడి ఆఫీసులో ఒక పెద్దాయన మా కోసం రెండు ఉదయాలు కేటాయించారు. ఆయనకు రుణపడి ఉన్నాం. కాలరు ఉన్న చొక్కా, గోల్ఫ్ బూట్లు తప్పనిసరి అనుకుని సర్దుకోండి.

రెండో రోజు చల్లఘట్ట. డొమ్లూరు పక్కన కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానం. తెల్లవారుజామున ఆరింటికి మొదటి బంతి కొట్టాలంటే మా అమ్మాయి ఇంటి నుంచి రావడం కష్టమని డొమ్లూరులోనే ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. అయిదింటికి లేపమని, గేటు తీసి ఉంచమని రాత్రి రెండుసార్లు చెప్పాం. ఎవరూ లేపలేదు. కిందకు వస్తే గేటుకు తాళం, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలియదు. పావుగంట తలుపులు తట్టాల్సి వచ్చింది. తెల్లవారుజామున ఆట ఉన్నవాళ్లు గది చూసేటప్పుడు పరుపు సంగతి తర్వాత చూడండి, ముందు రాత్రి కాపలా మనిషి ఎవరో, ఎక్కడ పడుకుంటాడో చూసుకోండి.

మైదానంలో అడుగుపెట్టాక ఆ చికాకంతా పోయింది. ఈ మైదానం నమూనా గీసినవారిలో పీటర్ థామ్సన్ ఉన్నారు. బ్రిటిష్ ఓపెన్‌ను అయిదుసార్లు, మన ఇండియన్ ఓపెన్‌ను మూడుసార్లు గెలిచిన ఆస్ట్రేలియా ఆటగాడు ఆయన. టోక్యో ఒలింపిక్స్‌లో ఒకే ఒక్క దెబ్బ తేడాతో కంచు పతకం తప్పి నాలుగో స్థానంలో నిలిచిన అదితి అశోక్ చిన్నపిల్లగా ఆట మొదలుపెట్టింది ఇక్కడే. 2021 ఆగస్టులో ఆ తెల్లవారుజామున నేను టీవీ ముందు నుంచి లేవలేదు. ఆమె బంతి గుంత అంచున ఆగినప్పుడల్లా మా ఆవిడ లోపలి నుంచి "ఏమైంది?" అని అడిగేది. ఆ పిల్ల నడిచిన గడ్డి మీద నడుస్తున్నామని మా బావమరిదికి చెబితే అతను ఒంగి గడ్డిని ముట్టుకున్నాడు.

గడ్డి దట్టంగా, సమంగా ఉంది. గ్రీన్లు వేగంగా ఉన్నాయి. గ్రీన్ మీద గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున కత్తిరించి ఉంచడం మాటలు కాదు. ఒక్కరోజు యంత్రం తిప్పకపోయినా బంతికి తెలిసిపోతుంది. పై నుంచి పడిన బంతి గ్రీన్ మీద చిన్న గుంట చేస్తుంది. దాన్ని చిన్న ఫోర్కుతో చుట్టూ నుంచి మధ్యకు లాగి, గ్రీన్ మీద బంతిని దొర్లించే పుటర్ కర్రతో మెల్లగా అదిమితే ఒకటి రెండు రోజుల్లో గడ్డి అతుక్కుంటుంది. అడుగు నుంచి పైకి ఎగదోస్తే వేళ్లు తెగి ఆ మచ్చ వారాల తరబడి ఉంటుంది. మాతో ఆడిన పెద్దాయన తన మచ్చతో పాటు వేరేవాళ్లు వదిలేసిన మరో రెండు మచ్చలు సరిచేశాకే లేచేవారు. డెబ్బై దాటిన మనిషి, ప్రతి గ్రీన్ మీదా మోకాలి మీద కూర్చున్నారు.

నీళ్ల ఒడ్డున ఉన్న ఒక గుంత దగ్గర గూడబాతులు రెండు కనిపించాయి. మా నెల్లూరు వైపు నేలపట్టు పక్షులు. వాటిని చూడగానే మా బావమరిది కర్ర కింద పెట్టేసి, "బావా, మీరు చెప్పలేదే! ఇక్కడ ఇంత పెద్ద చెరువుందా?" అన్నాడు.

ఇక్కడ చెప్పడానికి నాకు కొంచెం కష్టంగా ఉంది. మేము నిలబడిన చోటే చెరువు. చల్లఘట్ట చెరువు పడకలోనే ఈ మైదానం వచ్చింది. చెరువంటే ఏమిటో నెల్లూరు మనిషికి చెప్పక్కర్లేదు. కట్ట, తూము, అలుగు, కింద ఆయకట్టు. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే దాని కింది చెరువుకు. బెంగళూరుకు నది లేదు. 900 మీటర్ల ఎత్తున గట్టు మీద ఉన్న ఊరిది. ఇలా గొలుసు కట్టిన చెరువులే దాని ప్రాణం. చల్లఘట్ట నీళ్లు బెళ్లందూరుకు, అక్కడి నుంచి వర్తూరుకు, ఆ కింద దక్షిణ పినాకినికి చేరాలి. గొలుసులో పై కడియం తెగితే కింది కడియాల మీద ఏం పడుతుందో నురగ కక్కి, 2015లోనూ 2017లోనూ మంటలంటుకున్న బెళ్లందూరు లోకానికి చూపించింది. ఆ పాపమంతా ఈ ఒక్క మైదానానిదని అనను. ఊరంతా పంచుకోవలసిన పాపం అది. అయినా ఆ గడ్డి మీద నడుస్తుంటే, అలుగు ఎక్కడ ఉండేదో అని నా కళ్లు వెతుకుతూనే ఉన్నాయి.

దీనికి రెండో వైపు కూడా చూడాలి. మైదానం రాకపోతే ఆ చోట ఏం వచ్చేదో చుట్టూ ఉన్న అద్దాల భవనాలు చెబుతున్నాయి. ఊరు నడుమ ఇంత పచ్చదనం, ఇంత నీడ, వాన నీరు ఇంకే నేల మిగిలింది. గూడబాతు వచ్చి వాలింది. ఈ లోయ మురుగునీటినే శుద్ధి చేసి 2018 నుంచి కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. ఆ పథకం పేరులో చల్లఘట్ట ఇంకా బతికే ఉంది. 2024 మార్చిలో ఊరికి నీటి కరువు వచ్చినప్పుడు, తాగునీటితో తోటలు తడిపినా కార్లు కడిగినా 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ఏ గోల్ఫ్ మైదానానికి వెళ్లినా గడ్డికి ఏ నీళ్లు పెడుతున్నారని నేను మొదట అడుగుతాను. మీరూ అడగండి. అడిగేవాళ్లు పదిమంది అయితే జవాబు సిద్ధంగా ఉంచుకుంటారు.

ఆటగా చూస్తే ఊళ్లో దీనికి సాటి లేదు. ప్రతి గుంతా వేరే ఆలోచన అడుగుతుంది. మధ్యాహ్నం రెసిడెన్సీ రోడ్డులోని నాగార్జునలో అరిటాకు భోజనం చేసి, అమ్మాయి ఇంటికి వెళ్లి పడుకున్నాం.

మూడో రోజు తెల్లవారక ముందే నంది వైపు బయల్దేరాం. విమానాశ్రయం దాటాక రోడ్డు తేలికపడింది. మబ్బులో కొండ సగమే కనిపిస్తోంది. 1,478 మీటర్ల కొండ. వారాంతాల్లో సూర్యోదయం చూడటానికి వచ్చే బండ్లతో ఈ దారి కిక్కిరిసిపోతుంది. అందుకే మంగళ, బుధవారాలు ఎంచుకున్నాం.

బావమరిది తన కర్రల సంచి నెల్లూరులోనే వదిలి వచ్చాడు. బస్సులో దెబ్బ తింటాయని భయం. ఊళ్లో ఒక కొట్టులో సెట్టు అద్దెకు తీసుకున్నాం. వాటిలో రెండు ఐరన్ కర్రల చేతిపట్టు అరిగి నున్నగా అయిపోయింది. తుంపర పడగానే చేతిలో జారడం మొదలైంది. తిరిగి ఇచ్చేటప్పుడు డ్రైవర్ అనే పెద్ద కర్ర మీద గీత పడిందని అడ్వాన్సులో కొంత పట్టుకున్నారు. ఆ గీత మేము తీసుకునేటప్పుడే ఉంది, కానీ రుజువు చూపలేకపోయాం. అద్దెకు తీసుకుంటే కొట్టు గడప దాటకముందే ప్రతి కర్ర తలనూ పట్టునూ ఫోనులో ఫోటో తీసుకోండి. అరిగిన పట్టు ఉన్న సెట్టు ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి.

నంది కొండ కింద మేము ఆడింది ప్రెస్టీజ్ గోల్ఫ్‌షైర్‌లో. 18 గుంతలు, పార్ 72, అంటే మంచి ఆటగాడు 72 దెబ్బల్లో ముగించాలని లెక్క. బ్రిటన్‌కు చెందిన పీజీఏ డిజైన్ కన్సల్టింగ్ వారు గీసిన మైదానం. ముందే ఫోనులో మాట్లాడి వేళ ఖాయం చేసుకున్నాం. చెప్పిన వేళకే పంపారు.

మైదానం గీయడంలో రెండు దారులుంటాయి. పొక్లెయిన్లు దింపి, మనసులో ఉన్న బొమ్మ ప్రకారం గుట్టలు పోసి గుంటలు తవ్వడం ఒకటి. నేల ఎటు వాలిందో, వాన నీరు ఏ దారిన పోతుందో, రాయి ఎక్కడ ఉందో చూసి, ఆ చోటనే ఆటను ఒదిగించడం రెండోది. ఏ మైదానానికైనా రెండూ కొంత కొంత అవసరమే. హైదరాబాదులో గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్ ఆడినవారికి రెండో దారి అంటే ఏమిటో తెలుసు. అక్కడ పెద్ద పెద్ద బండరాళ్ల నడుమ నుంచి దారి తీశారు. నంది కింద బండలకు బదులు వాలు ఉంది. కొండ నుంచి మైదానం వైపు నేలంతా మెల్లగా దిగుతుంది. ఆ దిగుడు మీ ఆటలో ప్రతి దెబ్బలోనూ ఉంటుంది. కొండ వైపు కొట్టేటప్పుడు దూరం ఉన్నదానికంటే ఎక్కువ అనిపిస్తుంది. కొండను వెనకేసుకుని కొట్టేటప్పుడు బంతి ఆగదు. గ్రీన్ మీద కంటికి కనిపించే వాలు ఒకటి, కొండ లాగే లాగుడు ఒకటి. రెండోదే గెలుస్తుంది. మొదట చెప్పిన కేడీ మాట అక్కడిదే.

అతనిది పక్క ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, గౌరిబిదనూరు వైపు తెలుగు మాట్లాడే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. "మాది ద్రాక్ష తోట సార్. సీజన్లో తోట పని, మిగతా రోజులు ఇక్కడ" అన్నాడు. కర్ర అందించేటప్పుడు పట్టు మా వైపు, తల తన వైపు ఉండేలా తిప్పి ఇచ్చేవాడు. బంకర్ అనే ఇసుక గుంటలో నా అడుగుల గుర్తులను దంతెతో దువ్వి, తన అడుగుల గుర్తులు కూడా లేకుండా వెనక్కి నడుస్తూ బయటికి వచ్చేవాడు. మంచి కేడీ ఉంటే సగం ఆట వచ్చినట్టే. కేడీకి ఇచ్చే డబ్బుల దగ్గర బేరం చేయకండి. వాళ్లకు రోజూ పని ఉండదు.

సగం ఆట అయ్యాక ఒక ఫెయిర్‌వే అంచున నాలుగు కర్రలు పాతి, చుట్టూ తాడు కట్టి ఉంది. లోపల ఏమీ కనిపించలేదు. కేడీ వేలితో చూపించాకే కనిపించాయి. చిన్న గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు, మట్టి రంగు మీద నల్లటి మచ్చలు. తీతువు గూడు. గూడంటే గూడు కాదు, ఒట్టి నేల మీద పెట్టేస్తుంది. తల్లి పిట్ట పది అడుగుల దూరంలో రెక్క విరిగినట్టు నేల మీద దేకుతూ అరుస్తోంది, మమ్మల్ని తన వెంట రప్పించి గుడ్ల నుంచి దూరంగా తీసుకుపోవాలని. తీతువు కూస్తే కీడని మా అమ్మమ్మ రాత్రి పూట చెవులు మూసేది. ఆ పిట్ట ఇంత తెగువ గలదని నాకు తెలియదు. మా బావమరిది బంతి సరిగ్గా ఆ తాడుకు జానెడు దూరంలో ఆగింది. కేడీ బంతి తీయించి, ఆ చోటు అడ్డు రాని దగ్గర, ఒక గోల్ఫ్ కర్ర పొడవు లోపల వేయించాడు. దెబ్బ లెక్కలోకి రాదన్నాడు. ఇలాంటి చోటును ఆడరాని చోటుగా ప్రకటించే అధికారం ఆట నియమాల్లోనే నిర్వాహకులకు ఉంది. ఆ కర్రలు పాతిన తోటమాలిని కలవాలనుకున్నాం. అతను అప్పటికి దూరంగా గడ్డి యంత్రం మీద ఉన్నాడు. చెయ్యి ఊపాం.

ఈ మైదానంలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. ఫెయిర్‌వేల పక్కన విల్లాల వరుసలు. కొండ వైపు తిరిగి నిలబడితే స్వర్గం, వెనక్కి తిరిగితే కాలనీ. ఇళ్లు అమ్మకపోతే ఇంత పెద్ద మైదానం నిలబడదని లెక్కలు తెలిసినవాళ్లు అంటారు. కావచ్చు. నంది నుంచి దిగే వాలులో కట్టిన ప్రతి కప్పూ ఒక వాగుకు దారి మళ్లింపే అని నా వృత్తి నాకు చెబుతూనే ఉంటుంది.

బస సంగతి. మైదానాన్ని ఆనుకునే జేడబ్ల్యూ మారియట్ వారి రిసార్టు ఉంది, 2022లో తెరిచారు. గదిలోంచి నడిచి ఆటకు వెళ్లవచ్చు. ఖర్చుకు వెనకాడనివారికీ, పిల్లలతో వచ్చేవారికీ అదే సుఖం. మేము నంది ఊరి వైపు ద్రాక్ష తోటల మధ్య ఒక ఇంట్లో ఆ రాత్రి ఉన్నాం. మబ్బు పట్టి సోలార్ నీళ్లు వేడెక్కలేదు. ఆ సంగతి ముందే చెప్పి ఉండవలసింది. ఉదయం గిన్నెలో కాచి ఇచ్చారు గానీ అందుకు గంట పట్టింది, బయల్దేరడం ఆలస్యమైంది. కానీ భోజనం! రాగి ముద్ద, ఆకుకూర పులుసు, పక్కన పచ్చి ఉల్లిపాయ. ఇంటావిడ తెలుగూ కన్నడమూ కలిపి "ఊట (భోజనం) అయిందా అన్నా, ఇంకో ముద్ద పెట్టమంటారా?" అని అడుగుతుంటే, వద్దనడానికి నోరు రాలేదు. మళ్లీ వెళితే అక్కడే ఉంటాను, నీళ్ల సంగతి ముందే మాట్లాడుకుని.

ఆఖరి రోజు ఆట లేదు. ఉదయం ముద్దెనహళ్లి వెళ్లాం. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. గిద్దలూరు వైపు మోక్షగుండం నుంచి వలస వచ్చిన కుటుంబం వారిది. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదును కాపాడే ప్రణాళిక వేసిన చేయి అది. సమాధి దగ్గర చెప్పులు విడిచి కాసేపు కూర్చున్నాను. నాలాంటివాళ్లకు అది గుడి.

అక్కడి నుంచి నంది ఊళ్లో భోగనందీశ్వరుడి గుడి. వెయ్యేళ్లు దాటిన గుడి. లోపలి కోనేరు శృంగితీర్థం. నంది కొమ్ముతో నేలను గుచ్చితే గంగ పైకొచ్చిందనీ, పినాకిని పుట్టుక ఇక్కడేననీ స్థలపురాణం. నాలుగు వైపులా మెట్లు, రాతి మంటపాలు, కింద ఆకుపచ్చని నీళ్లు. మెట్ల మీద కూర్చుని మా బావమరిదికి నేల మీద పుల్లతో గీసి చూపించాను. ఈ కొండల నుంచి ఉత్తరానికి దిగేది ఉత్తర పినాకిని, మన పెన్న. గౌరిబిదనూరు, అనంతపురం, కడప మీదుగా 597 కిలోమీటర్లు నడిచి, సోమశిల దాటి, నెల్లూరు పక్కన సముద్రంలో కలుస్తుంది. దక్షిణానికి దిగేది దక్షిణ పినాకిని. మొన్న మనం ఆడిన చల్లఘట్ట నీళ్లు చివరికి చేరేది దానిలోనే. కడలూరు దగ్గర అదీ సముద్రంలో కలుస్తుంది. అతను చాలాసేపు ఆ గీతల వంక చూసి, "అయితే ఈ కొండలకు ఉత్తరం వైపు వాన పడితే ఆ నీళ్లు నెల్లూరులో మన రంగనాయకుల గుడి మెట్ల దాకా వస్తాయన్నమాట" అన్నాడు. "దారిలో చెరువులన్నీ నిండి అలుగు పారితే వస్తాయి" అన్నాను.

తిరుగు దారిలో జామకాయల కోసం బండి ఆపిన చోట ఆ కుర్రవాడే ఎదురయ్యాడు, సైకిల్ మీద గడ్డి మోపుతో. వాళ్ల ఊరి చెరువు ఎప్పుడు నిండుతుందని అడిగాను. మంచి వానలైతే అక్టోబరులో అలుగు పారుతుందన్నాడు. పారిన రోజు ఫోను చేస్తానన్నాడు. జామకాయల పొట్లం కాగితం చించి నా నంబరు రాసి ఇచ్చాను.